లేని మనుషుల జాబితా

మార్చి 9

ప్రేమగల నాయనకు,

లేని మనుషుల పేర్లు రాసుకుని వాళ్ల జీతాలు తింటున్నవాడు కరుణాకరం. ఈ సముద్రపు ఊరి మున్సిపాలిటీకి ఆయన ఛైర్మన్. మీరందరూ ఎట్ల ఉన్నారని అడగకుండా ముందు ఇది రాసినందుకు ఏమీ అనుకోకు. ఫోన్లో చెబుదామంటే పలకల గని నీ చెవులను ఎప్పుడో తినేసింది. నేను అరిస్తే ఇక్కడ వీధంతా వింటుంది, నువ్వు మాత్రం వినవు.

వచ్చే సోమవారం, పదహారో తేదీన, కౌన్సిల్ బడ్జెట్ సమావేశం. ముసాయిదాను పోయిన నెలలోనే నోటీసు బోర్డుకు అంటించారు. చెత్త ఆటో పక్కకు ఆపి మొత్తం చదివాను. బీచ్ దగ్గర స్వాగత తోరణం, దానికి రంగుల దీపాలు. చేపల మార్కెట్ ఎదుట ఛైర్మన్ తండ్రిగారి విగ్రహం, దాని చుట్టూ స్టీలు కంచె. మా పనివాళ్ల జీతాల దగ్గరికొచ్చేసరికి ‘పెంపు లేదు’ అని రెండు ముక్కలు. మూడేళ్లుగా అవే రెండు ముక్కలట. అడగబోతే, మనుషులు ఎక్కువైపోయారు, ఖజానా మీకే చాలడం లేదు అంటాడట.

మనుషులు ఎక్కువయ్యారా? సరే, ఎవరా మనుషులో చూద్దామని సమాచార హక్కు కింద జీతాల పట్టీ అడిగాను. ఆ దరఖాస్తు ఎట్ల రాయాలో నేను కొనుక్కున్న రెండు రూపాయల కరపత్రంలో ఉంది, నువ్వు పొయ్యిలో వేయబోయావే, అందులో. నెల తిరక్కుండా కాగితం వచ్చింది. అరవై ఒక్క పేర్లు. వాటిలో తొమ్మిదింటిని ఈ నాలుగు నెలల్లో నేను ఎక్కడా వినలేదు. మూడు రోజులు పనివాళ్ల వెంట తిరిగి అడిగాను. తెలియదన్నారు, తల వంచుకుని పోయారు. భయం, నాయనా. వీళ్ల వెన్నులో ఎముక ఎప్పుడో కరిగిపోయింది.

ఇక్కడ పేర్లు తెలుసుకోవడం కూడా సులువు కాదు. పనివాళ్లలో ముప్పాతిక మంది మన పడమటోళ్లే, అర్ధవీడు, బేస్తవారిపేట, పొదిలి వైపు నుంచి వచ్చినవాళ్లు. అందరూ అందరికీ అత్తలు, మామలు. వేలిముద్ర మిషను చెడిపోయి ఆరు నెలలైంది. తెల్లవారి అయిదింటికి మేస్త్రి లింగయ్య మస్టర్ వేస్తాడు, కానీ ఆయన నోట ఒక్క పేరూ రాదు. ముఖం చూస్తాడు, పుస్తకంలో టిక్కు పెట్టుకుంటాడు, ‘వదినా నువ్వు బస్టాండు, మామా నువ్వు కాలువ’ అని పంపిస్తాడు. ఆ పుస్తకం ఎవరికీ చూపించడు. ఆయనకూ వాటా ఉందని నా లెక్క.

నేను అద్దెకుంటున్న గది జ్ఞానమ్మ పెద్దమ్మది. బేస్తవారిపేట మనిషి, పందొమ్మిదేళ్లుగా ఈ ఊరి బస్టాండు ఊడుస్తోంది. మోకాళ్లు అరిగిపోయాయి, అయినా నాకు రెండు పూటలా అన్నం పెట్టి డబ్బులు తీసుకోదు. ఆమెకూ ఆ జాబితా చదవబోయాను. మూడో పేరు దాటిందో లేదో, ‘ఆ కాగితం మడిచి పెట్టి అన్నం తిను నాయనా’ అంది. చూశావా, ఆమెకూ భయమే.

ఒక సంగతి ఇన్నేళ్లూ నోటితో అనలేదు, కాగితం మీద అంటున్నాను. బడిలో చేర్చేటప్పుడు హెడ్‌మాస్టరు రికార్డుకు ఇంకో పేరు చెప్పమంటే నువ్వు ఒప్పుకోలేదు. గుళ్లో ఏ పేరో బళ్లో అదే పేరు అన్నావు. మన పేటలో అందరి పిల్లలకూ రెండు పేర్లు, నాకు ఒక్కటే. అందువల్ల, క్రైస్తవుణ్నని, నాకు ఎస్సీ సర్టిఫికెట్ రాలేదు. కానిస్టేబుల్ ఉద్యోగం నాలుగు మార్కుల్లో పోయింది. నీమీద కోపం నాకు ఇప్పటికీ ఉంది. కానీ నేను ఎవరి ముందైనా తలెత్తుకుని మాట్లాడగలుగుతున్నదీ అందుకే అనుకుంటాను. రెండు పేర్లవాళ్లు రెండు నాలుకలవాళ్లు, వాళ్లను ఎవరైనా లొంగదీయగలరు. ఈ మాట ఇక్కడ పెద్దమ్మతో కూడా ఎన్నోసార్లు అన్నాను.

సోమవారం ఆ తొమ్మిది పేర్లు కౌన్సిల్ హాల్లో చదువుతాను. ఏమైనా కానీ.

నీ కొడుకు
ఫిన్నీ


మార్చి 18

నాయనా,

ఈ ఉత్తరం రాయడానికి కూర్చుని ఇప్పటికి మూడు కాగితాలు చించాను. నేను చేసింది నేనే చెప్పుకోవాలి కాబట్టి వరసగా చెబుతాను.

సోమవారం పనివాళ్లం ఇరవైమందిమి వరండాలో నిలబడ్డాం. లోపల తోరణానికి కౌన్సిలర్లందరూ బల్లలు చరిచారు. జీతాల పద్దు చదవగానే నేను గుమ్మంలోకి దూకాను. అటెండర్లు చొక్కా పట్టుకున్నా వదల్లేదు. తొమ్మిది పేర్లూ గొంతు చిరిగేట్టు చదివాను. ఈ మనుషులు ఈ ఊళ్లో లేరు, వీళ్లకు ముఖం లేదు, చేతులు లేవు, జీతం మాత్రం ఉంది అన్నాను. మేస్త్రి లింగయ్య దొంగ టిక్కులు పెడుతున్నాడని కూడా అన్నాను. ఆయన అక్కడే ఉన్నాడు.

కరుణాకరానికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కళ్లద్దాలు తుడుచుకుని నవ్వాడు. ‘కుర్రాడు మంచి పని చేశాడండీ. మనుషులు ఎక్కువయ్యారని నేను మొదట్నుంచీ అనడం లేదూ? ఈ తొమ్మిది మందీ రేపు సాయంత్రంలోగా ఆధార్ కార్డులతో వచ్చి కనపడాలి. రానివాళ్లను తీసేద్దాం’ అన్నాడు. అప్పటికప్పుడు తీర్మానం రాశారు. వరండాలోకి వచ్చి చూస్తే చప్పట్లు కొట్టినవాడు ఒక్కడూ లేడు. వీళ్లకు గెలవడం కూడా చేతకాదనుకుని నేనొక్కణ్నే పోయి బజ్జీలు తిన్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

నిన్న ఆరుగురు వచ్చారు. తెల్లచొక్కాలు, ఇస్త్రీ మడత చెడలేదు. వాళ్ల చేతికి చీపురు తగిలి ఉంటే నేను నా చెవి కోసుకుంటాను. అందరూ కౌన్సిలర్ల బంధువులే. కానీ పేరుకు తగిన కార్డు ఉంది, చూపించి పోయారు. రానివాళ్లు ముగ్గురు. పాపమ్మ, యల్లయ్య, అంజలి. వాళ్లను తీసేశామని చీటీ అంటించారు. మిగిలే జీతం తోరణం దీపాలకు మళ్లిస్తారట.

ముగ్గురినైనా పట్టించానని ఇంటికొచ్చాను. పెద్దమ్మ గడపలో కూర్చుని ఉంది. పొరక శుభ్రంగా కడిగి గోడకు ఆనించి పెట్టింది. సాయంత్రం షిఫ్టుకు పోలేదేమని అడిగాను.

“ఇంగ యాడికి పోయేది నాయనా. నేను లేనని నువ్వే చెప్పి వచ్చినావు గదా.”

నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆమె రేకుపెట్టె తీసి ప్లాస్టిక్ కవర్లోంచి ఒక ఎస్సీ సర్టిఫికెట్ తీసింది. వయసులో ఉన్నప్పటి ఫోటో, ఆమెదే. కింద పేరు పాపమ్మ.

పందొమ్మిదేళ్ల కిందట పనిలో చేరేటప్పుడు ఆ పేరే ఇచ్చింది. తర్వాత ఎప్పుడో ఆధార్ తీసేవాళ్లు వీధిలోకి వచ్చి పేరేందమ్మా అంటే, నలుగురూ పిలిచే పేరు చెప్పేసింది. అందుకని ఆధార్‌లో జ్ఞానమ్మ, మస్టర్‌లో పాపమ్మ. మమ్మల్ని పనిలో పెట్టుకున్న ఏజెన్సీ జీతం చేతికే ఇస్తుంది కాబట్టి ఇన్నేళ్లూ రెండు పేర్లూ ఎక్కడా ఎదురుపడలేదు. యల్లయ్య అంటే కాలువల్లోకి దిగే మన స్టీఫెన్ అన్న. అంజలి అంటే కృపారాణి అక్క. ముగ్గురిదీ అదే కథ.

మరి హాల్లోనే ఎందుకు చెప్పలేదని అడిగాను. అరిచాను కూడా. నా కోపం ఎప్పుడూ తప్పుడు మనిషి మీదికే పోతుంది.

“ఏమని చెప్పేది? పాపమ్మను నేనే అంటే, మరి జ్ఞానమ్మ ఎవురంటారు. ఏ గుడికి పోతావంటారు. మా పిల్ల జాహ్నవికి హాస్టల్లో సీటు ఆ కాగితం మీదనే వచ్చింది. దాని చదువు గూడ తీసేస్తే?” అని సర్టిఫికెట్‌ను మళ్లీ కవర్లో పెట్టింది. తర్వాత అంది: “అయినా నీ ముందర చెప్పాలంటే నాకు సిగ్గయింది. రెండు పేర్లోళ్లకు రెండు నాలుకలని కంచం ముందర కూర్చొని ఎన్నిసార్లంటివి. నేను పెట్టిన కూడే తింటా.”

నాయనా, నన్ను ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. స్టీఫెన్ అన్న నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు. పనివాళ్లందరికీ ఆ ముగ్గురి పేర్లూ ముందే తెలుసు. వాళ్లు తల వంచుకుని పోయింది కరుణాకరానికి భయపడి కాదు, నాకు. దొంగలు ఆరుగురూ నిలబడ్డారు, పనిచేసే ముగ్గురూ పోయారు, జాబితా నా చేతిరాతలోనే ఉంది.

ఏం చేయాలో నాకు తెలియడం లేదు. నా దగ్గరున్న కరపత్రాల్లో దీని గురించి లేదు.

ఫిన్నీ


మార్చి 26

ప్రేమగల నాయనకు,

నీ కార్డు అందింది. నీకు ఎక్కువ రాయడం అలవాటు లేదు, కానీ ఇంత తక్కువ ఎప్పుడూ రాయలేదు. ‘ఆమెను క్షమాపణ అడుగు. మేస్త్రిని గూడ అడుగు. తర్వాత మాట్లాడు.’ మొదటిది ఆ పూటే చేశాను. పెద్దమ్మ నా తల మీద చేయి పెట్టి, బియ్యం అయిపోయాయి, కొనుక్కురమ్మంది.

రెండోదానికి మూడు రోజులు పట్టింది. ముందు నా దారిలోనే పోయాను. ఆ ముగ్గురి పేర్లు పొరపాటున చదివాను, వాళ్లు పనిచేస్తున్నవాళ్లే అని దరఖాస్తు రాసి ఆఫీసుకు పోయాను. గుమస్తా చదివి, అయితే పాపమ్మా జ్ఞానమ్మా ఒకరేనని తహసీల్దారు దగ్గర కాగితం తెమ్మన్నాడు. ఆ కాగితం అడగబోతే అక్కడ అడిగే మొదటి ప్రశ్న ఏందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. దరఖాస్తు జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఇదివరకు నేనైతే ఆ గుమస్తా బల్ల తిరగేసేవాణ్ని.

లింగయ్య షెడ్డులో తోపుడుబండి చక్రం బిగిస్తున్నాడు. పొదిలి పక్క గొర్రెలవాళ్ల కుటుంబం, అన్నదమ్ములు ఇప్పటికీ మందలు తోలుతున్నారు. తప్పయింది మామా అన్నాను. ఆయన తల ఎత్తలేదు. స్పానర్ అందియ్యమన్నాడు, అందించాను. చక్రం అయిపోయాక మాట్లాడాడు.

“దొంగ టిక్కులంటివి. ఆరు పెట్టినా, నిజమే. పెట్టకపోతే మరుసటి దినం పుస్తకం ఇంకొకని చేతికి పోతాది. వాడు ఆ ఆరూ పెడతాడు, మీలో ఆరు కొట్టేస్తాడు. కానీ పాపమ్మది దొంగ టిక్కు కాదబ్బాయా. ఆమె ముఖం చూసి పెట్టినా, పందొమ్మిదేండ్లు. పుస్తకంలో పాపమ్మ, ఎదురుంగ ఈ మనిషి. ఆదివారం పూట ఆమె యాడికి పోతాదో నా పుస్తకంలో గడి లేదు.”

నాకు అప్పుడు తట్టింది. ఆమె పాపమ్మే అని చెప్పడానికి ఆమె నోరు తెరవక్కరలేదు, తహసీల్దారు కాగితమూ అక్కరలేదు. మస్టర్ వేసినవాడు చెబితే చాలు. కానీ ఆ పుస్తకం బయటపెడితే ఆరు దొంగ టిక్కులూ బయటపడతాయి, వాటిని పెట్టిన చేయి లింగయ్యది. ఆయనకు ఇంకా మూడేళ్ల సర్వీసు ఉంది. నేను అడగలేకపోయాను. నాయనా, నేను ఒక మాట అడగలేక ఊరుకోవడం ఇదే మొదటిసారి.

మరుసటి రోజు ఆయనే పెద్దమ్మ గడపలోకి వచ్చాడు. స్టీఫెన్ అన్న, కృపారాణి అక్క, ఇంకో పదిమంది వచ్చారు. నన్ను మూలన కూర్చోబెట్టి వాళ్లే మాట్లాడుకున్నారు. తీర్మానం మీద కమిషనర్ ముప్పై ఒకటిన సంతకం పెడతాడు. కొత్తగా వచ్చినాయన. ముందురోజు సోమవారం మస్టర్‌ను స్వయంగా చూడమని లింగయ్య రాతపూర్వకంగా కోరాడు, వస్తానన్నాడు. ఆ ఉదయం లింగయ్య అరవై ఒక్క పేర్లూ పైకి పిలుస్తాడు, కొట్టేసినవాటితో సహా. పలికిన ప్రతివాడికీ అక్కడికక్కడే పని చెబుతాడు. తెల్లచొక్కాలు కూడా వస్తారు గదా మామా, కార్డులు చూపిస్తారు గదా అని నేను అనకుండా ఉండలేకపోయాను.

“రానీ. కార్డు చూపినోని చేతికి పార ఇచ్చి చేపల మార్కెట్టు కాలువలోకి దింపుతా. ఎంతసేపుంటారో కమిషనర్ సారే చూస్తాడు” అన్నాడు లింగయ్య. వారం రోజుల్లో మొదటిసారి పెద్దమ్మ నవ్వింది. మీ సంగతేందని స్టీఫెన్ అన్న అడిగితే, ఆరు టిక్కులూ నావేనని నేనే చెప్తా, ఎవరు పెట్టమంటే పెట్టినానో గూడ చెప్తా అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, “నీ పేరు పిలిస్తే ఉన్నానను. ఒక్క మాట ఎక్కువైనా పుస్తకం మూసేస్తా” అన్నాడు. ఒప్పుకున్నాను.

నాకు ఒప్పజెప్పిన పని ఒకటే, ఈ ఉత్తరం. ఇది నీ ఒక్కడికే కాదు, పేటలో అందరికీ చదివి వినిపించు. గేటు బయట జనం లేకపోతే కరుణాకరం కమిషనర్‌ను లోపలికి తీసుకుపోయి కాఫీ ఇస్తాడు, బయట మస్టర్ అయిపోతుంది. అందుకని పెద్దమ్మ ముఖం, స్టీఫెన్ అన్న ముఖం, అక్క ముఖం చిన్నప్పటినుంచీ ఎరిగినవాళ్లు కావాలి. బేస్తవారిపేటకు కూడా కబురు చేయి. పాస్టరుగారిని మాత్రం రావద్దను, ఆయనకు నా వందనాలు చెప్పు. ఎవరైనా వచ్చి పెద్దమ్మను చూపించి ఈమె ఎవరని అడిగితే, మా వదిన అను, పందొమ్మిదేళ్లుగా ఈ ఊరు ఊడుస్తోంది అను. అంతకంటే ఏమీ అనకు. ఏం అడిగారో నీకు వినపడకపోయినా అదే అను.

ఆశీర్వాదం మామ రేపటి బస్సుకు ఊరికి వస్తున్నాడు, ఇది ఆయన చేతికే ఇస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం ఆయనతోనే బయల్దేరి రండి. పెద్దమ్మ అందరికీ వండుతానంది.

సోమవారం, ముప్పయ్యో తేదీ, తెల్లవారి అయిదు గంటలకు, మున్సిపల్ ఆఫీసు గేటు ముందు. మొదటి పేరు పిలిచేసరికి మీరంతా అక్కడ ఉండాలి.

నీ కొడుకు
ఫిన్నీ