టూరు కుక్కర్

ఫోన్ స్పీకర్ నొక్కి నా గొంతు ఇల్లంతటికీ పంచిపెట్టే మా అమ్మకి,

ఈ సంగతి ఫోన్లో కుదరకే కాగితం తీశాను. ఫోన్ చేస్తే నువ్వు "ఉండు, నాన్న కూడా వింటారు" అంటావు. నాన్న "మీ అత్త కూడా ఇక్కడే ఉంది" అంటారు. అత్త "తిన్నావటే" అంటుంది. తిన్నానని ముగ్గురికీ విడివిడిగా చెప్పేసరికి నేను చెప్పాలనుకున్నది చల్లారిపోతుంది. కాబట్టి ఇది నీ ఒక్కదానికే. కోపమొస్తే ఉత్తరంలోనే తిట్టు. స్పీకర్లో వద్దు.

ముందే చెప్పేస్తాను, తర్వాత ధైర్యం చాలదు. నేను ఈ దేశం వచ్చేటప్పుడు నా పెట్టెలో స్వెట్టర్ల మధ్య చుట్టి పెట్టావే, మనం ఏ ఊరెళ్ళినా వెంట వచ్చే టూరు కుక్కర్, పిడి ఊడితే నాన్న రెండుసార్లు వేయించింది, దాన్ని ఓ పరాయి ఊళ్ళో, పరాయి వంటింట్లో వదిలేసి వచ్చాను. మర్చిపోలేదు. కావాలనే వదిలేశాను. నీ చేతిలో అన్నేళ్ళు మెలిగిన వస్తువు. ఎందుకు వదిలేశానో విన్నాక నువ్వేమన్నా పడతాను.

మొన్న శని, ఆదివారాలు ఇక్కడ ఒకే ఇంట్లో అద్దెకుంటున్న ఐదుగురం నదీ, వంతెనలూ ఉన్న ఓ పాత నగరానికి వెళ్ళాం. అది మా పాఠాల్లో ఉన్న ఊరే. నగరాలు ఎలా పెరుగుతాయో చదవడానికి కదా నేనిక్కడికి వచ్చింది, ప్రొఫెసరు ఆ ఊరి పటాన్ని తెర మీద చూపించిన రోజునుంచీ నా అరికాళ్ళు దురదపెడుతూనే ఉన్నాయి. ప్లానంతా లీడరుది. వాడి అసలు పేరు వాళ్ళింట్లో వాళ్ళకే గుర్తుండాలి, మాకు లీడరే. ఏ రైలు, ఏ టిక్కెట్టు, ఎక్కడ ఎంతసేపు, అన్నీ వాడే చూశాడు. వంటిల్లున్న ఫ్లాట్ ఒకటి రెండు రోజులకి మాట్లాడాడు. అందరిముందూ నావైపు తిరిగి, "నీ కుక్కర్ మర్చిపోకే. అక్కడి తిండి మనకి పడదు" అన్నాడు. నా గదిలో ఉండే నిద్రమొహం కూడా, "నీ చేతి పప్పు తింటుంటే ఇంట్లో ఉన్నట్టుంటుందే" అంది. నేను పొంగిపోయాను. పొంగిన మనిషి చేత ఏ పనైనా చేయించొచ్చని అప్పుడు తట్టలేదు.

శనివారం పొద్దున్న దిగాం. సంచులు పడేశారు, మొహాలు కడుక్కున్నారు. "మేం వెళ్ళి మ్యూజియం క్యూలో నిలబడతాం, నువ్వు చప్పున ఏదో ఒకటి పడేసి వచ్చెయ్" అని వెళ్ళిపోయారు. నేను పప్పు పెట్టి, బంగాళాదుంపలు తరిగి, అన్నం వండి, గిన్నెలు తోమేసరికి వాళ్ళే ఆకలితో తిరిగొచ్చారు. తిన్నారు. మెచ్చుకున్నారు. మ్యూజియంలో ఏం చూశారో ఫోన్లు తిప్పి చూపించారు. మళ్ళీ చెప్పులు వేసుకుంటూ లీడరు, "రాత్రికేం చేస్తున్నావు?" అని అడిగాడు.

వాళ్ళు చెడ్డవాళ్ళు కారమ్మా, అదే బాధ. చెడ్డవాళ్ళయితే పొద్దున్నే దెబ్బలాడి ఉండేదాన్ని.

ఆ వంటింటి కిటికీలోంచి పక్కింటి గోడ కనిపిస్తుంది. అంత పేరున్న ఊళ్ళో ఆ రోజు మధ్యాహ్నం దాకా నేను చూసింది ఆ గోడ ఒక్కటే. కావాలంటే దాని మీద పరీక్ష పెట్టు, ఫస్టుక్లాసులో పాసవుతాను. అడుగున రాయి, మధ్యలో ఎర్ర ఇటుక, పైన ఎవరో తర్వాత కట్టిన పచ్చ ఇటుక. ఒకప్పుడు కిటికీ ఉన్న చోట ఇటుకలు పేర్చి సున్నం కొట్టి మూసేశారు. ఆ మూసేసిన కిటికీ చూస్తూ రాత్రికి బియ్యం కడుగుతుంటే మన ఆల్బమ్ గుర్తొచ్చింది. కోట ముందు నాన్న. పడవలో అత్త. జలపాతం కింద తమ్ముడూ నేనూ, చలికి వణుకుతూ. నువ్వెక్కడున్నావమ్మా? ఏ ఊరెళ్ళినా నీకు దక్కింది ఓ సత్రం వసారా, ఓ కిరసనాయిలు స్టవ్వు, ఈ కుక్కర్. మేం ఊరు చూసొచ్చి కంచాల ముందు కూర్చునేవాళ్ళం. పొద్దున మేం కళ్ళు తెరిచేసరికే స్టవ్వు ముందుండేదానివి, గిన్నెలు కడిగీ కడిగీ చీర అంచు తడిసిపోయి ఉండేది. ఆ తడి అంచు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

సరిగ్గా అప్పుడు కుక్కర్ కూత వేసింది. నీకు తెలుసుగా దాని గొంతు. రెండో కూతకి కింద ఉండే ఇంటావిడ మెట్లెక్కి పరిగెత్తుకొచ్చింది, జుట్టుకి సగం రంగేసుకుని, చేతిలో బ్రష్షుతో. ఏదో పేలబోతోందనుకుందిట. వచ్చీరాని భాషలో నేను పప్పు, ఆవిరి అని వివరిస్తే, కుర్చీ లాక్కుని కూర్చుని మూడో కూత కోసం ఎదురుచూసింది. అది వచ్చాక చిన్నపిల్లలా నవ్వింది. తర్వాత ఐదు కంచాలకేసి చూసి, నాకేసి చూసి, ఎంతో మర్యాదగా అడిగింది: "నిన్ను వంటకి పెట్టుకున్నారా?"

అందులో ఎగతాళి లేదు. నువ్వెక్కడి పిల్లవని అడిగినట్టే అడిగింది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను, కంచాలు కనిపించాయి, "అవును" అన్నాను.

"సెలవివ్వరా?"

"అడగలేదు."

ఆవిడ లేచి స్టవ్వు కట్టేసింది. "ఈ ఇల్లు నాది. ఈ వంటింట్లో ఎవరికి సెలవో నేను చెప్తాను. నువ్వెళ్ళు" అంది.

వెళ్ళాను. చార్జింగులో ఉన్న ఫోన్ కూడా తీసుకోలేదు. ఎదురుగా వచ్చిన ట్రామ్ ఎక్కాను, పాత ఊరికే పోతుందనుకుని. అది ఎదురు దిశలో పోయింది. తెలిసీ దిగలేదు. అందరూ దిగిపోయాక డ్రైవరమ్మ తలుపు తీసుకుని వచ్చి, ఆపిల్ కొరుకుతూ, "ఇక పట్టాల్లేవు" అంది. దిగి చూద్దును కదా, అక్కడ ఊరు అయిపోయింది. నిజంగా అయిపోయింది, కాలిబాట రాళ్ళు ఓ గడ్డి దుబ్బు దగ్గర ఆగిపోయాయి, వీధి దీపం మాత్రం ఇంకొకటి ముందుకి వెళ్ళి పొలంలో నిలబడింది, మిగతా ఊరు వెనకాల వస్తోందనుకుని. అక్కడ నిలబడి పగలబడి నవ్వాను. ఆ మ్యూజియం ఎవరైనా చూస్తారు. ఊరు ఎక్కడ ఆగిపోయిందో మా క్లాసులో నేనొక్కదాన్నే చూశాను.

తిరిగి రావడానికి ట్రామ్ ఎక్కబుద్ధి కాలేదు. వీధుల పక్కన వాననీటి కాలవలుంటాయి కదా, అవి ఎటు వాలితే అటు నడిచాను. వాటికి నది తప్ప వేరే గతి లేదు. ఒకదాన్ని పట్టుకుని ఇంకోదాన్లోకి, అక్కడినుంచి పెద్దదాన్లోకి, చివరికి ఓ మలుపు తిరిగేసరికి వంతెనలన్నీ ఒకేసారి ఎదురొచ్చాయి. ఎవరినీ దారి అడగలేదమ్మా. నా చదువు నాకు మొదటిసారి పనికొచ్చింది. ఆ వంతెన మీద నడుస్తుంటే అదేదో నేనే కట్టించినట్టు నడిచాను.

నేను ఇల్లు చేరేసరికి మెట్ల మీద నలుగురూ నిలబడి ఉన్నారు. ఇంటావిడ జుట్టంతా రంగేసుకుని వాళ్ళకి చెప్తోంది: "మీ వంటమ్మాయికి ఈ పూట సెలవు. నేనే ఇచ్చాను." నిద్రమొహం ఫక్కున నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. లీడరు మాత్రం, "వంటమ్మాయా? ఆవిడకెవరు చెప్పారలాగ?" అన్నాడు.

"నేనే చెప్పాను. అబద్ధమైతే దిద్దు."

దిద్దలేదు. "మాకు వంట రాదుగా" అన్నాడు.

"నాకూ పుట్టుకతో రాలేదు. రేపు నేను ఊరు చూస్తాను. ఎవరికి ఆకలేస్తే వాళ్ళు వండుకోండి."

ఆదివారం వాళ్ళు బ్రెడ్డు తిన్నారు. నేను వంతెనలన్నీ దాటాను. బయల్దేరేముందు కుక్కర్ తోమి, గాస్కెట్ ఆరబెట్టి, వెయిట్ పక్కన పెట్టి, ఇంటావిడ వంటింటి అలమర్లో ఉంచాను. స్టేషన్లో లీడరు సంచులు లెక్కపెట్టి "కుక్కరేదీ?" అన్నాడు. "దానికి ఊరు నచ్చింది, ఉండిపోతానంది" అన్నాను.

నవ్వుతూనే అన్నాను గానీ, రైలు కదిలాక నన్ను నేనే నిలదీశాను. అది నాదా, వదిలెయ్యడానికి? నీది. నీ కష్టమంతా చూసింది అదొక్కటే. కానీ అమ్మా, అది నా చేతిలో ఉన్నంతకాలం నేను ఏ ఊరెళ్ళినా గోడే చూస్తాను. నీకు జరిగింది నాకు జరగనివ్వను. ఈ మాట రాస్తుంటే నీకు తగులుతుందని తెలుసు. తగిలితే చెప్పు. ఊరు ఆగిపోయిన ఆ చోటుది ఒక్క ఫోటో కూడా లేదు చూపించడానికి, మాట మీద నమ్మాలి.

నీ కోపం కోసం ఎదురుచూస్తూ,
వంట మానేసిన నీ కూతురు

---

కాలు ఒకచోట నిలవని నా చిన్నదానికి,

నీ ఉత్తరం స్నానాల గదిలో తలుపేసుకుని చదివాను. "ఏం చేస్తున్నావు లోపల?" అని మీ నాన్న, "కడుపులో బాగాలేదా వదినా" అని మీ అత్త. కుళాయి తిప్పి మళ్ళీ మొదటినుంచి చదివాను. ఇంత పెద్ద ఉత్తరం నాకు రాసినవాళ్ళు లేరు.

నువ్వు దారి తప్పావని చదివి నాకు భయం వెయ్యలేదు. గర్వమేసింది. మా అమ్మాయి ట్రామెక్కి ఊరి చివరిదాకా పోయి, కాలవల్ని పట్టుకుని, ఒక్క మనిషిని అడక్కుండా నది దగ్గరికి వచ్చిందని వీధిలో వాళ్ళందరికీ చెప్పాలనుంది. చెప్పను. నీ రహస్యం నీది. కానీ నిన్న కూరల బండి దగ్గర ఊరికే నవ్వాను, అతను తూకంలో ఏదో తప్పు చేశాననుకుని ఇంకో వంకాయ వేశాడు.

ఇక నీ జాలి సంగతి. దాన్ని నువ్వే ఉంచుకో. నాకు పట్టదు.

నా చీర అంచు తడిసి ఉండేదని రాశావు. చిన్నప్పుడోసారి అడిగావు కూడా, గిన్నెలు కడిగానని చెప్పాను. అది గిన్నెల తడి కాదే. మీరు లేచేసరికి నేను స్టవ్వు ముందు ఉండేదాన్ని కాబట్టి రాత్రినుంచీ అక్కడే ఉన్నాననుకున్నారు మీరంతా. తెల్లవారుతుండగానే, పప్పు నానబోసి, తలుపు చేరేసి వెళ్ళేదాన్ని. నువ్వు చలికి వణుకుతూ ఫోటో దిగావే, ఆ జలపాతం కింద నేను అంతకుముందే నిలబడ్డాను. ఎవ్వరూ లేరు. మీకు అది జనంతో, కేకలతో కనిపించింది. నాకు దాని చప్పుడొక్కటే వినిపించింది. కోట తలుపులు ఇంకా తెరవకపోతే కాపలాయన చిన్న తలుపు తీసి, "త్వరగా చూసి వచ్చెయ్యమ్మా" అన్నాడు. త్వరగా ఏమీ రాలేదు. మంచు పడ్డ గడ్డిలో నడిచి నడిచి చీర తడిసేది. వచ్చి స్టవ్వు వెలిగించేదాన్ని. మీరు లేచి "అమ్మా కాఫీ" అనేవాళ్ళు.

ఎందుకు చెప్పలేదంటే, చెబితే మీ నాన్న తోడొస్తానంటారు. మీ అత్త, ఎలాగూ వెళ్తున్నావు కదా పిల్లల్ని తీసుకెళ్ళమంటుంది. అప్పుడది నాది కాకుండా పోతుంది. వంట కష్టం కాదని అనను. నడుం విరిగేది. నీకు జరగనివ్వనన్నావు చూడు, ఆ మాట నాకు తగల్లేదు. నేను అనలేక మింగినదాన్ని నువ్వు మెట్ల మీద నలుగురి ముందు నిలబడి అన్నావు. నేను దొంగతనంగా చూశాను, నువ్వు చెప్పి చూశావు. నాకంటే ఒక మెట్టు పైనే ఉన్నావు.

ఫోటోల్లేవన్నావు. నేను చూసినవాటికీ లేవు. నేను నీ మాట నమ్ముతాను, నువ్వు నా మాట నమ్ము.

ఇక కుక్కర్. అది నీకెందుకిచ్చాననుకున్నావే? పరాయి దేశంలో పప్పు వండుకుంటావనా? కొత్తది కొనిస్తానని మీ నాన్న అంటే వద్దని, పాతదాన్నే పట్టుబట్టి నీ స్వెట్టర్ల మధ్య ఎందుకు దాచాను? ఆ ముదనష్టపుది ఇంట్లోంచి పోతే తప్ప నాకు విడుదల లేదు. పాడవదు, పోదు, పిడి ఊడితే మీ నాన్న వెంటనే వేయిస్తారు. సముద్రాలు దాటించడం తప్ప వేరే దారి కనపడలేదు. నీకు అంటగట్టినట్టవుతుందని తోచలేదు చూడు, అదొక్కటే తప్పు.

పోయిన నెల అందరం రెండు రోజులు కొండల మీదికి వెళ్ళాం. మీ అత్త ముందురోజు, "వదినా, కుక్కర్ సర్దావా?" అంది. "అది పై చదువులకి వెళ్ళింది" అన్నాను. మీ నాన్న "మరి తిండో?" అన్నారు. "కొండ మీద మనుషులు తినకుండా ఉన్నారా?" అన్నాను. హోటల్లో తిన్నాం. ఉప్పెక్కువైంది, ఎవరూ చచ్చిపోలేదు. తెల్లవారుతుండగా నాకు అలవాటు కొద్దీ మెలకువ వచ్చింది. వండేదేమీ లేకపోయినా లేచాను. ఈసారి మీ నాన్నకి కూడా మెలకువొచ్చి, "ఎక్కడికి? నేనూ వస్తానుండు" అన్నారు. "పడుకోండి. చూసొచ్చి చెప్తాను" అన్నాను. అలాగేనని దుప్పటి లాక్కున్నారు. అంతే. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట సరిపోయేదని ఇప్పుడు తెలిసింది.

ఆ ఇంటావిడకి నా తరఫున రెండు ముక్కలు రాయి. గాస్కెట్ వదులైతే కాసేపు చన్నీళ్ళలో వెయ్యమను. వెయిట్ కూత వెయ్యకపోతే పుల్లతో గుచ్చమను. ఒకవేళ ఆవిడ మంచితనం కొద్దీ, మర్చిపోయావనుకుని దాన్ని పార్శిల్లో తిప్పి పంపిందనుకో, లీడరుకిచ్చి వంట నేర్చుకోమను. ఇక్కడికి మాత్రం తేకు.

తడి అంచుతో,
అమ్మ