ధనభాగ్యం మెస్సు మీదుగా వచ్చిన దొంగలు

తట్టాంచావడి,
6-7-2009

శ్రీమతి ధనభాగ్యం గారికి నమస్కారాలు.

మీ మెస్సుకు ఎదురుగా, ఆసుపత్రి సామాన్లను ఆవిరితో శుద్ధి చేసే యంత్రాల కంపెనీ ఉంది కదా, అందులో కంప్యూటర్లు చూసుకునేది నేనే. మీ అల్లుడు గణేశన్ ఇంటర్నెట్‌లో మీ మెస్సుకు ఒక పేజీ పెట్టి, ఆ రోజు కూరలేమిటో వేస్తున్నారు. పదకొండు కాగానే మా ఆఫీసంతా అది చూసే భోజనం చెప్పుకుంటుంది.

సంగతి కాస్త సున్నితమైనది. మీ మెనూ వల్ల మా దగ్గర ఇన్ఫెక్షన్ తగిలింది. ఒకదాని నుంచి ఒకదానికి పాకుతూ డ్రాయింగు సెక్షను దాకా వచ్చింది. ఎంత వెతికినా మూలం మీ దగ్గరే తేలుతోంది.

మా మెయిళ్లు పరాయివాళ్లు చదువుతున్నారు కాబట్టి కాగితం మీద, అదీ ఈ తమిళ ఊళ్లో ఎక్కువమందికి రాని తెలుగులో రాస్తున్నాను. నాకు ఉప్పళంలో మా అమ్మమ్మ అక్షరాలు నేర్పింది. మీకూ చదవడం వచ్చని మీ క్యారియర్లు తెచ్చే కుప్పన్ చెప్పాడు. జవాబు నా క్యారియరులోనే పెట్టి పంపండి.

ఇట్లు,
విధేయుడు,
అరవిందన్

తా.క. దయచేసి ఎవరికీ చెప్పకండి. మెనూ మాత్రం ఆపకండి.


తట్టాంచావడి,
7-7-2009

అరవిందన్ సారుకు ధనభాగ్యం రాయునది. ఇక్కడ మేము క్షేమం. అక్కడ మీరు క్షేమంగా లేరని, దానికి కారణం నేనేనని తెలిసింది.

ఇరవై ఏళ్లుగా ఈ కంపెనీల ఎస్టేటుకు అన్నం పెడుతున్నాను. నా సాంబారు తిని ఎవరికి ఏ ఇన్ఫెక్షన్ వచ్చిందో పేరు రాయండి. నేనే వచ్చి అడుగుతాను. డ్రాయింగు సెక్షను హేమమాలిని నిన్న కూడా వచ్చి రెండుసార్లు పెరుగు పోయించుకుంది. జబ్బు మనిషి అలా తినదు. జబ్బు చేసిందంటూనే మెనూ ఆపవద్దంటారు. మీ కంపెనీలో మందులు కూడా అమ్ముతారా?

కుప్పన్ కూడా బాధపడ్డాడు. "యాడన్నా ఒక ఈగ పడిందా అక్కా మన అన్నంలో? ఏంది వీళ్ల మాట?" అన్నాడు.

ఇట్లు,
ధనభాగ్యం

తా.క. నిజం తేలేదాకా మీ కంపెనీకి రసం లేదు. ఎం.డి. గారికి మాత్రం పంపాను. ఆయన ఉత్తరం రాయలేదు కదా.


తట్టాంచావడి,
8-7-2009

పూజ్యులైన ధనభాగ్యం అక్కకు అరవిందన్ నమస్కరించి రాసేది.

అక్కా, తప్పు నాదే, అర్థమయ్యేలా రాయలేదు. మీ వంటకు ఏ దోషమూ లేదు. రసం లేక నిన్న ఇక్కడ ఎవరూ సరిగ్గా తినలేదు.

అసలు మాట ఇది. దొంగలు పడ్డారు. మా రహస్యాలు దోచుకోవడానికి మీ మెస్సును దారిగా వాడుకుంటున్నారు. రోజూ పదకొండు గంటలకు, జనంలో కలిసిపోయి, ఎవరికీ అనుమానం రాకుండా వస్తున్నారు. మీరు ఏమీ ఎరగనట్టే ఉండండి. తక్కినది నేను చూసుకుంటాను.

మీ తమ్ముడు,
అరవిందన్

తా.క. రసం సంగతి కాస్త ఆలోచించండి.


తట్టాంచావడి,
9-7-2009

తమ్ముడు అరవిందన్‌కు అక్క దీవించి రాయునది.

దొంగను పట్టుకున్నాను. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు.

వారం రోజులుగా ఒకడు సరిగ్గా పదకొండుకే నల్ల సంచీతో వచ్చి మూల బెంచీ మీద కూర్చుంటున్నాడు. ఎవరు వచ్చినా పేరు, ఉద్యోగం, పిల్లలెందరు అని ఆరా తీస్తాడు. ఈ రోజు వాణ్ణి పిండి రుబ్బే గదిలోకి పిలిచి బయట గొళ్లెం పెట్టాను. "ఏందమ్మా ఇది, నేను దేవరాజన్‌ని, ఇన్సూరెన్సు ఏజెంటుని" అని లోపలి నుంచి చెబుతున్నాడు. "అట్లే చెప్తారు అక్కా, తియ్యొద్దు" అని కుప్పన్ తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు. పోలీసులను తీసుకుని వెంటనే రా.

ఇట్లు,
మీ అక్క

తా.క. కిటికీలోంచి భోజనం పెట్టాను. రెండోసారి అప్పడం అడిగాడు. అప్పటి నుంచి నాకూ కొంచెం సందేహంగా ఉంది.


తట్టాంచావడి,
9-7-2009, మధ్యాహ్నం

అక్కా,

ముందు దేవరాజన్ గారిని వదిలిపెట్టండి. తర్వాత ఇది చదవండి.

ఈ దొంగలు ఎక్కడో దూరాన కంప్యూటర్ల ముందు కూర్చున్న ముఠా. వీళ్ల మొహం ఎవరూ చూడరు. మొదట మా ఎం.డి. పేరుతో 'బోనస్ వివరాలు' అని దొంగ మెయిలు పంపారు. తెరిస్తే చాలు, లోపలికి వచ్చేవారు. మేము ఎవరూ తెరవలేదు, బోనస్ ఇస్తారని మాకు నమ్మకం లేదు. అప్పుడు మేమంతా రోజూ తప్పకుండా చూసేదేమిటో కనిపెట్టారు. మీ మెనూ. ఆ పేజీకి గణేశన్ పెట్టిన తాళం తీసి, కూరల పేర్ల వెనక నాలుగు దొంగ వాక్యాలు దాచారు. పేజీ తెరిచిన ప్రతి కంప్యూటరులోకీ దూరారు. మేము కొట్టే పాస్‌వర్డులు కాజేస్తూ, ఒక మెషిను నుంచి ఇంకో మెషినుకు పోతూ, మూడేళ్లు కష్టపడి గీసిన కొత్త యంత్రం డ్రాయింగుల కోసం తిరుగుతున్నారు. అసలువి నేను తీసి దాచాను.

కానీ పాతవి కొన్ని అప్పటికే బయటికి పోయాయి. వాటిని హేమమాలినే ఎవరికో ఇచ్చిందని ఎం.డి. గారు ఈ ఉదయం ఆమెను ఇంటికి పంపేశారు. నేనెంత చెప్పినా వినలేదు. దొంగలకు ఒక అబద్ధపు డ్రాయింగు అందేలా చేస్తే, అది ఎక్కడ తేలుతుందో చూసి పట్టుకోవచ్చు. ఆమె గీస్తుందేమో అడగండి.

అరవిందన్


తట్టాంచావడి,
13-7-2009

నాయనా అరవిందన్‌కు,

ఇప్పుడు అర్థమైంది. నా బెండకాయ పులుసు పేరు వెనక దాక్కుని ఒక ఆడపిల్ల ఉద్యోగం తీశారంటే నాకు కడుపు మండిపోతోంది.

మొన్న హేమ ఇంటికి పోయాను. రెండు రోజులుగా తిండి లేదట. మెస్సుకు తీసుకొచ్చి కూర్చోబెట్టాను. "అత్తా, నేనేం తప్పు చేశాను?" అంటే, "ఏడ్చేది తర్వాత, ముందు బొమ్మ గియ్యి" అన్నాను. నా పక్కనే కూర్చుని గణేశన్ కంప్యూటరులో గీసింది. ఆ బొమ్మ సీడీ నీ క్యారియరు పైగిన్నెలో ఉంది, తడి తగలకుండా విస్తరాకు చుట్టాను. నకలు ఒకటి సీలు వేయించి వకీలు జయరామన్ గారి దగ్గర పెట్టాం.

మీ అక్క

తా.క. గణేశన్‌ను నిలదీశాను. ఆ పేజీకి వాడు పెట్టిన తాళం మాట 'ధనభాగ్యం'. వాకిట్లో బోర్డు మీద ఆరడుగుల అక్షరాలతో రాసిపెట్టింది కూడా అదే.

మరో తా.క. దేవరాజన్ కోపం తగ్గించడానికి పాలసీ తీసుకోవలసి వచ్చింది. కుప్పన్ కూడా తీసుకున్నాడు.


తట్టాంచావడి,
16-7-2009

అక్కా,

దొంగలు ఎర మింగేశారు. సీడీలోని బొమ్మ నేనూ చూశాను. నాకు యంత్రాల సంగతి తెలియదు, అసలైన యంత్రమే అనుకున్నాను. 'కొత్త మోడల్, రహస్యం' అని పేరు పెట్టి వదిలాను. భోజనాల వేళ, అందరి మెషిన్లూ హడావుడిగా ఉన్నప్పుడు ముక్కలు చేసి పట్టుకుపోయారు. ఆ వెంటనే దారులన్నీ మూసేశాను, మీ పేజీ కూడా కడిగి కొత్త తాళం వేశాను.

నవంబరులో చెన్నైలో ఆసుపత్రి యంత్రాల ప్రదర్శన ఉంది. దొంగసొత్తు తేలితే అక్కడే తేలాలి. ఎం.డి. గారు హేమమాలినిని వెంట తీసుకువెళ్లడానికి అయిష్టంగా ఒప్పుకున్నారు. ఆమె మీరూ రావాలంటోంది. నేను మెషిన్లకు కాపలా.

అరవిందన్

తా.క. రసం మళ్లీ వచ్చింది. ఆఫీసు మొత్తం కృతజ్ఞతలు.


చెన్నై,
21-11-2009

నాయనా అరవిందన్‌కు మీ అక్క ధనభాగ్యం ఆశీర్వదించి రాయునది.

హాలు బయట మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. 

మీ ఎం.డి. గారు దారి పొడవునా హేమతో ఒక్క మాట మాట్లాడలేదు. నాలుగు వరసలు తిరిగాక హేమ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక పెద్ద కంపెనీ స్టాలులో, పూలదండ వేసుకుని, దీపాల వెలుగులో మనిషెత్తున మెరుస్తూ నిలబడి ఉంది నా ఇడ్లీ పాత్ర.

అవును నాయనా. హేమ నీకు చెప్పనివ్వలేదు. ఒక్క వాయికి మూడు వందల ఇడ్లీలు దిగాలని నేను చెబుతూ పోయాను, అది కొలతలు వేస్తూ పోయింది. నువ్వు 'రహస్యం' అని పేరు పెట్టి పంపింది దాన్నే.

టై కట్టుకున్న ఒకాయన దాని గొప్ప చెబుతున్నాడు. "ఈ గుంటలు ఎందుకు నాయనా?" అన్నాను. "డాక్టర్ల కత్తెరలు జారకుండా అమ్మా. మా ఇంజనీర్లు కష్టపడి కనిపెట్టారు" అన్నాడు. ఆవిరి పెట్టి చూపించమన్నాను, పెట్టాడు. నేను క్యాంటీనుకు పోయి బకెట్టుతో పిండి తెచ్చి పోయడం మొదలుపెట్టాను. అతను ఆపబోతే, చుట్టూ చేరిన ఆసుపత్రుల వాళ్లు "పొయ్యనీండి, చూస్తాం" అన్నారు.

మూత తీసేసరికి హాలంతా ఇడ్లీ వాసన. ఒక్కటీ విరగలేదు. మాతో వచ్చిన వకీలు జయరామన్ గారు సీలు విప్పి బొమ్మ పక్కన పెడితే గుంటతో సహా సరిపోయింది. ఆయన పిలిపించిన పోలీసులు అడిగేసరికి ఆ ముఠాను కుదుర్చుకున్నది తామేనని వాళ్ల మేనేజరు ఒప్పుకున్నాడు. ఆసుపత్రుల వాళ్లు మన స్టాలు యాడ అని వెతుక్కుంటూ వచ్చారు.

మీ ఎం.డి. గారు అందరి ముందూ హేమకు చేతులు జోడించారు. "తప్పు నాది అమ్మా. సోమవారం నుంచి డ్రాయింగు సెక్షనుకు నువ్వే పెద్ద" అన్నారు. అది ఆయన చేతిలో ఒక ఇడ్లీ పెట్టింది.

ఇట్లు,
మీ అక్క

తా.క. నిజం చెప్పాలి, నా పాత దానికంటే మెత్తగా వచ్చాయి. దొంగలైనా పనివాళ్లు మంచివాళ్లు. పాత్రను సాక్ష్యంగా పోలీసులు లారీ ఎక్కిస్తుంటే, కేసు అయ్యాక నాకే ఇవ్వమని అర్జీ పెట్టాను. "ఇది నీకు ఏందమ్మా కావాలి?" అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. "సొంత బిడ్డ సార్, కొంతకాలం వేరేవాళ్లు పెంచారు" అన్నాను.