కంటిరెప్ప గడ్డకు ఎర్రరంగు

ఇబ్రహీంపట్నం

అన్నకు సరిత రాసేది.

నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? బాపు బీపీ గోలీలు మానకుండా వేసుకుంటున్నాడా? వాళ్లిద్దరి సంగతి రాయి. నీ సంగతి అడగబుద్ధి కావడం లేదు. మొన్న నా మాట వినకుండానే తిట్టి ఫోన్ పెట్టేశావు. అందుకే రాస్తున్నాను, ఇది పూర్తిగా చదువు.

శేరిగూడలో గది దొరికింది. పైన రేకులు, పగలు లోపల ఉండలేం. మెస్సులో పప్పు నీళ్లలా ఉంటుంది. ఆదివారం నాదర్‌గుల్ వైపు నుంచి వచ్చే చిన్న విమానాలు చూస్తూ కూర్చుంటాను, మాట్లాడే మనిషి లేక. తింటున్నానని, ఫికర్ చేయొద్దని అమ్మకు చెప్పు.

ఇక నీ దోస్తు భాస్కర్ సంగతి. ఇక్కడి ఆసుపత్రి ల్యాబులో నాకు సీనియర్ అతనే. కోహెడ నుంచి వచ్చిన పెద్దమ్మ ఒకామె కంటిరెప్ప మీది గడ్డ ముక్క పరీక్షకు మాకు వచ్చింది. ఏళ్ల తరబడి కురుపని మందు పూశారట. అది కొవ్వు గ్రంథి క్యాన్సరేమో, కొవ్వుకు రంగు వేసి చూడమని డాక్టరమ్మ చీటీ రాసింది. భాస్కర్ చీటీ చదవనే లేదు.

"మొత్తం మైనంల పెట్టు, గట్టిపడ్డంక కోద్దం," అన్నాడు.

"మైనానికి ముందు స్పిరిట్ల, జైలీన్ల ముంచుతం గద. కొవ్వంత కరిగిపోతది. ఇంక దేనికి రంగేస్తం?"

"నాకు నేర్పుతవా? నిన్నగాక మొన్నొచ్చినవ్. గంత కావాల్నంటే అల్మారల కొవ్వుకేసే నల్లరంగు సీసా ఉంది, అదే వెయ్యి."

ఆ నల్లరంగు పాతబడి అడుగున పేరుకుపోయింది. పైగా రెప్ప చర్మంలో సహజంగానే నలుపు ఉంటుంది, ఏది కొవ్వో ఏది చర్మమో తేలదు. అందుకే అతని ముందే సగం ముక్క పక్కకు తీసి, మైనం జోలికి పోకుండా మంచులా చల్లబరిచే మిషన్లో గడ్డకట్టించి సన్నగా కోసి, ఎర్రరంగు వేశాను. కణాల నిండా కొవ్వు ఎర్రటి చుక్కలుగా కనిపించింది.

డాక్టరమ్మ మైక్రోస్కోపు దగ్గరి నుంచి తల ఎత్తి, "గిది క్యాన్సరే, ఆగేది కాదు. రెప్ప పోయినా సరే, మనిషి దక్కాలె. ఎవరేసిన్రు ఈ రంగు?" అంది.

"నేనే దగ్గరుండి వేయించిన," అన్నాడు నీ దోస్తు.

"అబద్ధం. నువ్వు మైనంల పెట్టమన్నవ్," అన్నాను, అందరి ముందే.

అతను నీకు ఫోన్ చేసి నాకు పొగరని చెప్పింది ఇందుకే. పెద్దమ్మకు ఆపరేషన్ అయింది. రెప్ప పోయింది, కన్ను నిలిచింది. నువ్వేమో అతని కాళ్లు పట్టుకోమంటున్నావు. పట్టుకోను. నా తరఫున నువ్వు పట్టుకున్నావని తెలిసిందా, రాఖీకి ఇంటికి రాను.

నా ఉన్ని చద్దరు ఎవరైనా ఇటు వస్తే పంపు. అమ్మకు, బాపుకు నా దండాలు, వాళ్ల దీవెన నాకు చాలు. నీ దీవెన ఇప్పుడు వద్దు. ముందు భాస్కర్‌ను అబద్ధం ఎందుకు ఆడావని అడుగు, అడిగాకే నాకు ఫోన్ చెయ్యి.

నీ చెల్లె
సరిత