జానెడు లోతు పెనం

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. దంతాలపల్లిలో మా మహిళా సంఘం బెల్లం వండుతోంది. మొదట పెనం ఎంపిక దగ్గరే గొడవైంది.

మా చెరుకుకు జానెడు లోతు, మంచమంత వెడల్పు పెనం చాలన్నాను. సలహా చెప్పడానికి వచ్చిన సారు నవ్వాడు. "నీకేం తెలుసమ్మా?" అని నడుము లోతున్న పెనం తెప్పించాడు.

పొద్దున పోసిన రసం సాయంత్రానికీ చిక్కబడలేదు. చివరికి నల్లగా మాడిపోయింది. సారు మా చెరుకే మంచిది కాదన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"చెరుకును అనకుండ్రి సారూ! గింత లోతుంటే ఆవిరెట్ల పోతది? చిన్నప్పటి సంది రసం కలిపినదాన్ని, నా మాట విన్నరా?" అని అందరి ముందే నిలదీశాను.

సంఘం అక్కలు ఆ పెనం వాపసు పంపి, నన్ను కురవిలోని కమ్మరి దగ్గరికి తీసుకెళ్లారు. కొలతలు నేనే చెప్పాను. నిన్న బెల్లం తేనె రంగులో వచ్చింది.

సారు ముక్క నోట్లో వేసుకుని, "ఎవరు నేర్పారమ్మా?" అన్నాడు.

"మా బాపు. ముప్పై ఏండ్లు గీ ఊర్లనే వండిండు. బతికున్నప్పుడు ఒక్కలన్న వచ్చి అడిగిన్రా?"

తడిసిన కళ్లు కనబడకుండా ముఖం తిప్పుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయాను. అందరూ కోపమనుకున్నారు, బాపూ.

నీ బిడ్డ