నేను డిఫెన్స్ వైపు

జబీ, నేను కులాసా, వేళకే తింటున్నానని జేజికి చెప్పు.

ఇక్కడ సౌదీలో, రాస్ తనూరాలో మా ఆఫీసు అమెరికన్లు రేపటి వాళ్ల దేశపు ఫుట్‌బాల్ ప్లేఆఫ్ మ్యాచ్ గురించి వాదించుకుంటున్నారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాకే గెలిపిస్తాడని ఒకరు, ఎదుటివాళ్లను ఆపే డిఫెన్సేనని ఇంకొకరు. పందెం ఓడినవాళ్లు అందరికీ కబ్సా అన్నం పెట్టాలట. నన్నూ అడిగితే డిఫెన్స్ అన్నాను. మన కడప ఇస్సాక్ నవ్వాడు: "ఆపేటోళ్ల పేర్లు ఎవురికి గుర్తుంటాయన్నా?"

నిజమే. ఇల్లు నిలబెట్టానన్న పేరు నాకొచ్చింది. ఇంటిమీదికి వచ్చిన ప్రతి కష్టాన్నీ ఆపింది మీ అమ్మ.

ఆమె పోయిందని, ఇల్లు చూసుకుంటానని కాలేజీ మానొద్దు. ఆ పని నాది. ఇక్కడి పని వదిలి పూర్తిగా వచ్చేయడానికి ఫైనల్ ఎగ్జిట్ అడిగాను, రంజాన్‌లోపు వస్తాను. జేజి బీపీ మాత్రలు ఉన్నాయా? నువ్వు హాస్టల్‌కు వెళ్లు. అల్లా నిన్ను చల్లగా చూడాలి. వంట నేను జేజి దగ్గర నేర్చుకుంటాను.

మీ నాయన