చుక్కి, నా నీలం చీర

గురువారం

కొట్టంలో జారి కాలు విరగ్గొట్టుకుని ఐదు వారాలు. ఇవాళ కుర్చీలోనే కూర్చుని నీళ్ళ సీసాలు యాభైసార్లు ఎత్తి దించాను. అయినా రవిక చేతులు బిగుతుగానే ఉన్నాయి. రాత్రి ముద్ద మానేస్తానంటే కోలారు నుంచి వచ్చే ఫిజియో అమ్మాయి కసిరింది.

"తిండి మానితే కండ కరిగిపోతాదక్కా, ఒళ్ళు ఇంకా మందగిస్తాది. గుడ్డు తిను, చేతులు ఆడించు."

ఆడిస్తూనే ఉన్నాను. ఈ చేతులు మళ్ళీ మా ఆవు చుక్కి పొదుగు పట్టాలి కదా.

నేను మంచం పట్టాక పాలు పిండేది నా తోడికోడలు సరోజ. మొదట్లో ఆవు ఆమెను దగ్గరికే రానివ్వలేదు. నా వాసనకు మోసపోతుందని మా అత్త నా పాత నీలం చీర ఆమెకు కట్టించింది. నాకు చుట్టు చాలని చీర ఆమెకు కుచ్చిళ్ళు పోయగా ఇంకా మిగిలింది. చూడలేక గోడవైపు తిరిగి పడుకున్నాను. అయినా లోపల ఒక ధీమా: చుక్కి పొదుగులోకి పాలు దించి చేపేది నా వాసనకే, ఆమె చేతికి కాదు.

సాయంత్రం సరోజ ఆ చీర ఉతికి, మడిచి నా మంచం మీద పెట్టింది.

"ఇంగ ఇది వద్దులేక్కా. నాలుగు దినాల నుంచీ నా చీరతోనే పిండతా ఉండాను. బాగా చేపతా ఉండాది."

నాలుగు దినాలు! ఒక్కరూ నాతో అనలేదు. ఆమె ముఖంలో కాస్త గర్వమైనా ఉంటే తిట్టేదాన్ని, అదీ లేదు.

"మంచిదమ్మా" అన్నాను.

ఆమె వెళ్ళాక చీర ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.