పంపు మీది బాణం గుర్తు

మా భవన సంఘం అధ్యక్షురాలు శ్రీమతి త్సెనోవా గారికి,

అనుమతి లేకుండా బాయిలర్ గదిలోకి వెళ్ళినందుకు క్షమాపణ రాసివ్వమన్నారు. రాయను.

వేడినీళ్ళు తిప్పే కొత్త పంపు బిగించి పదకొండు రోజులైంది. అది తిరుగుతూనే ఉంది, ఇళ్ళను వెచ్చబరిచే రేడియేటర్లు మాత్రం వేడెక్కడం లేదు. ఐదో అంతస్తులో రలిత్సా నెల నిండని బిడ్డను తన కోటు లోపల పెట్టుకుని కూర్చుంటోంది. మీరేమో నేనే ఏదో పాడుచేశానని నోటీసు బోర్డులో పెట్టారు.

టార్చి పట్టుకుని చూశాను. నీరు ఎటు పోవాలో చెప్పే బాణం గుర్తు పంపు మీద ఉంది. అది పైకి చూస్తోంది. ఆ గొట్టంలో నీరు కిందికి రావాలి, పక్కనున్న కవాటం (వాల్వు) నీటిని కిందికే వదులుతుంది. ప్లంబర్ రుమెన్‌ను నిలదీశాను.

“నేనేం చెయ్యను తాతా? సరిగ్గా బిగిస్తే కంపెనీ పేరు తలకిందులైంది. ‘ఫొటో తియ్యాలి, తిప్పి పెట్టవయ్యా’ అంది త్సెనోవా మేడమ్. తిరిగితే చాలు కదా, ఎటైతేనేం అనుకున్నా.”

మనిద్దరం పనిచేసిన లైబ్రరీలో నా మీద ఫిర్యాదు రాసి నా ఉద్యోగం పోగొట్టిన రోజుల్లోనూ మీరు పుస్తకాల అట్టలే చూసేవారు.

రేపు ఉదయం పదింటికి పానా తీసుకుని వెళ్తాను. కరెంటు తీసి, నీళ్ళు ఆపి, పంపును తిప్పి బిగిస్తాను. పోలీసులను పిలుస్తానన్నారుగా, పిలవండి. పదింటికే వచ్చేట్లయితే ఓవర్‌కోట్లు వేసుకుని రమ్మనండి. మధ్యాహ్నం వస్తే అక్కర్లేదు.

రెండో అంతస్తు ముసలివాడు